కెమెరా సంగతి తర్వాత... ముందు బోల్టు చూడండి!

ఫోన్‌లో ఓ ఆన్‌బోర్డ్ వీడియో చూస్తారు. స్టీరింగ్ మీద డ్రైవర్ చేతులు, ముందు ట్రాక్, చెవుల్లో ఇంజిన్ రొద. ‘మనమూ ఇలాంటిది తీద్దాం’ అనిపిస్తుంది. వెంటనే కెమెరా రేటు వెతుకుతారు. ముప్పై వేలు, నలభై వేలు! సగం మంది అక్కడే ఆగిపోతారు. మిగతా సగం మూడు వేలకి ‘4కె’ అని రాసున్న డబ్బా కొని, మొదటి వీడియో చూసుకుని దిగాలు పడతారు. నూజివీడులో పెళ్లి వీడియోలు తీసే నాకు రేసింగ్‌తో ఏం పని అనుకోకండి. ‘అన్నా, ఏ కెమెరా కొనాలి?’ అని అడిగే కుర్రాళ్లు నెలకి ఇద్దరైనా తగులుతారు. నా జవాబు మాత్రం ఒకటే: దాన్ని దేనికి బిగిస్తారు? అది చెప్పండి ముందు.

ఈ జవాబు నాకు ఊరికే రాలేదు. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్ల కాలేజీ కుర్రాళ్లంతా కలిసి బాజా ఎస్‌ఏఈ ఇండియా పోటీ కోసం ఓ బండి తయారుచేశారు. 2007లో మొదలైన పోటీ ఇది. ఇనప పైపులతో అల్లిన పంజరం, ఒక్కటే సీటు, పది హార్స్ పవర్ ఇంజిన్. గుంటలు, గట్లు ఉన్న మట్టి ట్రాక్ మీద నాలుగు గంటలపాటు విరక్కుండా, ఆగకుండా తిరగాలి. అసలు పరీక్ష అదే. ఓ రోజు వాడొచ్చి, ‘‘మావయ్యా, బండికి కెమెరా పెట్టాలి. పదిహేను వేలున్నాయి, అంతే’’ అన్నాడు. ఆ పదిహేను వేలు ఎలా వచ్చాయో నాకు తెలుసు. వేసవి సెలవుల్లో నలుగురు కుర్రాళ్లు మామిడి యార్డులో ట్రేలు సర్దారు, లారీలకి ఎత్తారు. రసాల సీజన్లో ఇక్కడ పనికి కొదవుండదు, ఒళ్లు మాత్రం హూనమైపోతుంది. అలాంటి డబ్బుని ఎవరో యూట్యూబర్ చెప్పిన పేరు మీద తగలేయడానికి నాకు మనసొప్పలేదు.

‘ఫోన్ ఉందిగా, దాన్నే కట్టేస్తే పోలా?’ అని మీలో చాలామందికి అనిపించొచ్చు. వద్దు బాబూ. ఈ రోజుల్లో మంచి ఫోన్లలో లెన్సు కదలని గుండ్రాయిలా ఉండదు. మీ చెయ్యి వణికితే బొమ్మ వణక్కుండా లోపల సన్నటి అయస్కాంతాల మీద కదులుతూ ఉంటుంది. ఇంజిన్ వణుకు గంటల తరబడి తగిలితే ఆ ఏర్పాటే పాడవుతుంది. బైకు హ్యాండిల్‌కి ఐఫోన్ బిగిస్తే కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. బాజా బండిలో సింగిల్ సిలిండర్ ఇంజిన్ సీటు వెనకే ఉంటుంది. అక్కడ ఫోన్ కట్టడమంటే రోటి పక్కన కోడిగుడ్లు పెట్టడమే. ఫోన్‌కి వేరే పని ఉంది, తర్వాత చెబుతాను.

అసలు ఈ ఆన్‌బోర్డ్ పిచ్చి ఇప్పటిది కాదు. 1970లో లె మాన్ 24 గంటల రేసు జరుగుతుంటే, స్టీవ్ మెక్వీన్ సినిమా కోసం ఓ పోర్షే 908 కారుకి ఫిల్మ్ కెమెరాలు బిగించి నిజం రేసులోనే పరిగెత్తించారు. రీలు అయిపోయినప్పుడల్లా ఆగి మార్చుకుంటూ పోయారు. 1979లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసులో పీటర్ విలియంసన్ టొయోటా కారులోంచి టీవీకి లైవ్ ఇచ్చారు. ఫార్ములా వన్ రేసులోకి అలాంటి కెమెరా 1985లో వచ్చింది. జర్మన్ గ్రాండ్ ప్రీలో రెనో టీమ్ అదనంగా ఓ కారు దించి, అందులో పెట్టింది. ఆ రోజుల్లో అదంతా కోట్లున్న కంపెనీల ఆట. మన హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు టీవీలో కనిపించిన ఆన్‌బోర్డ్ షాట్లూ ఆ కోవలోవే. అగ్గిపెట్టెలో పట్టే కెమెరాలు, వాటి వెనక పెద్ద ప్రసార వ్యవస్థ. ఆ క్వాలిటీతో పోటీ పడక్కర్లేదు. కానీ వాళ్లు పాటించే సూత్రం మాత్రం మనకి ఉచితం. కెమెరా బండిలో ఒక భాగంలా బిగిసిపోవాలి.

ఎందుకో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి. చవక కెమెరా అయినా, ఖరీదైన యాక్షన్ కెమెరా అయినా సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్క దెబ్బకి తీయదు. పై వరుస నుంచి కింది వరుస దాకా చదువుకుంటూ వస్తుంది. ఈలోగా కెమెరా వణికితే, పై వరుసలు ఒకచోట, కింది వరుసలు ఇంకోచోట పడతాయి. నిటారుగా ఉన్న పైపు వంకర్లు పోతుంది. బొమ్మంతా సరిగ్గా ఎండని మామిడి తాండ్రలా తుళ్లుతుంది. దీన్నే ‘జెల్లీ’ అంటారు. ఇది ఒకసారి వీడియోలో పడ్డాక ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. పోగొడతామనే యాప్‌లున్నాయి, నేను వాడి చూశాను. పెళ్లికొడుకు మొహాన్ని సాఫ్ట్ చేసినట్టు మొత్తం బొమ్మని మెత్తబరుస్తాయి, అంతే.

కాబట్టి వణుకు కెమెరా దాకా రాకుండా చూసుకోవాలి. మామిడి కొమ్మ చివర కాయ ఊగినంతగా మొదట్లో కాయ ఊగదు. కెమెరా చెయ్యి కూడా అంతే. ఒకవైపు బిగించిన కడ్డీ పొడవు రెట్టింపైతే, అదే బరువుకి దాని చివర ఎనిమిది రెట్లు వంగుతుంది. మెకానికల్ వాళ్లు రెండో ఏడాదిలోనే చదువుకునే లెక్క ఇది. కానీ ఆన్‌లైన్లో అమ్మే కిట్లలో ఉండేవన్నీ పొడుగు చేతులు, మూడేసి కీళ్లు, ప్లాస్టిక్ స్క్రూలు! నలభై ముక్కల కిట్టు ఆరొందలకి వస్తుందని మురిసిపోకండి. అందులో రేసుకి పనికొచ్చేవి నాలుగు ముక్కలుంటే గొప్ప.

మేం ఊళ్లోనే చేయించాం. ప్లంబింగ్ షాపులో పైపు సైజుకి సరిపడే ఇనప క్లాంపు, లేత్ షాపులో రెండంగుళాల అల్యూమినియం దిమ్మ, దాని పైన కెమెరా బోల్టు. మొత్తం నాలుగొందల యాభై రూపాయలు. ఇక్కడ ఓ జాగ్రత్త. కెమెరాల కింద ఉండే మర పావు అంగుళం సైజు, అంగుళానికి ఇరవై చుట్లు. మన షాపుల్లో మామూలుగా ఇచ్చే ఆరు మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది, వదులుగా లోపలికి పోతుంది కూడా. రెండుసార్లు బిగిస్తే కెమెరా మర అరిగిపోతుంది. ‘పావించీ ఇరవై చుట్లు’ అని అడిగి తీసుకోండి. నట్టు మాత్రం లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టే వేయించండి. క్లాంపుకి, పైపుకి మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక్క చుట్టు చుడితే పట్టు బాగుంటుంది, సన్నటి వణుకు కొంత తగ్గుతుంది. అదే మంచిది కదా అని దళసరి స్పాంజి పెట్టారనుకోండి, కెమెరా తల ఊపడం మొదలుపెడుతుంది.

ఇంకోటి, తాడు. ఎంత బిగించినా ఊడిపోయే రోజొకటి వస్తుంది. నూట యాభై గ్రాముల కెమెరా వేగంగా ఎగిరొచ్చి డ్రైవర్ మెడకో, వెనకొచ్చే వాడి మొహానికో తగిలితే అది రాయితో సమానం. బైకు క్లచ్ కేబుల్లోని ఇనప తీగ ముక్క తీసుకుని, ఒక చివర కెమెరా ఫ్రేముకి, ఇంకో చివర బండి పైపుకి కట్టాం. తీగ పొట్టిగా ఉండాలి. పొడుగైతే కెమెరా ఊడి, తీగకి వేలాడుతూ వచ్చి డ్రైవర్‌నే కొడుతుంది. స్టూడెంట్ల పోటీయే అయిన ఫార్ములా ఎస్‌ఏఈ రూల్ బుక్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. తీగ కడితే కెమెరా డ్రైవర్‌ని తాకనంత పొట్టిగా ఉండాలి. పావు కిలో దాటిన కెమెరాని రెండు వేర్వేరు వైపుల బిగించాలి, అదీ ప్లాస్టిక్‌తో, రబ్బరుతో కాదు. హెల్మెట్ మీద కెమెరా అసలే పెట్టకూడదు. మనది పావు కిలో లోపే కదా అని మేం వదిలేయలేదు, రెండు చోట్ల బిగించాం. మీరు వెళ్లే పోటీ ఏదైనా కెమెరా కొనకముందే దాని రూల్ బుక్‌లో ఈ పేజీ చదవండి. తనిఖీలో తీసేయమంటే తీసేయాల్సిందే.

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి బైకు కుర్రాళ్లకి రెండు ముక్కలు. ఫార్ములా వన్ వాళ్ల హెల్మెట్‌లో కెమెరా ఉంటుంది కదా అంటారు. అది లోపల, కంటి పక్కన మెత్తలో దాచిన, కొన్ని గ్రాముల బరువుండే కెమెరా. దానికోసమే పరీక్షలు చేసి ఆమోదించింది. మనం బయట అంటించే డబ్బా, కింద పడినప్పుడు నేలకి తట్టుకుని తలని మెలిపెడుతుంది. కేరళ రవాణా శాఖ 2022లో హెల్మెట్ కెమెరాలు వద్దని ప్రకటించింది అందుకే. ఇక నూజివీడు, విస్సన్నపేట రోడ్ల మీద మామిడి లారీల మధ్య దూరి రీల్స్ తీసేవాళ్లకి చెప్పేదేముంది? పబ్లిక్ రోడ్డు మీద పందేలకి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సాక్ష్యం మీరే హెచ్‌డీలో తీసి పెడుతున్నారు మరి!

సరే, ఇప్పుడు కెమెరా. మూడు, నాలుగు వేల డబ్బాల మీద ‘4కె’ అని ఉంటుంది గానీ చాలావాటిలో సెన్సర్‌కి అంత సీనుండదు. చిన్న బొమ్మ తీసి సాగదీసి 4కె సైజు చేస్తుంది. రొట్టె పిండి అంతే, అప్పడం వెడల్పు పెరిగిందంతే. దానికన్నా పేరున్న కంపెనీ మూడేళ్ల కిందటి మోడల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం మేలు. మాకు విజయవాడలో తొమ్మిది వేలకి దొరికింది. కొనేటప్పుడు నేను చూసేవి ఇవి: బ్యాటరీ ఉబ్బిందా, చార్జింగ్ పోర్టు మూత సరిగ్గా పడుతోందా, లెన్సు మీద గీతలున్నాయా. తర్వాత మన కార్డు వేసి అక్కడే పావుగంట ఆపకుండా రికార్డ్ చేయమంటాను. ‘అంతసేపెందుకు సార్?’ అని విసుక్కున్నవాడి దగ్గర కొనను. మాన్యువల్‌గా షట్టర్ పెట్టుకునే వీలు, స్టెబిలైజేషన్ ఆపేసే వీలు ఉండి తీరాలి. 4కె లేకపోయినా ఫర్వాలేదు. ఫోన్‌లో చూసేవాళ్లకి మంచి 1080 చాలు.

‘స్టెబిలైజేషన్ ఆపేయాలా? దానికోసమేగా ఇంత డబ్బు పోసేది!’ అని మా వాడు నోరెళ్లబెట్టాడు. నిజమే, చేత్తో పట్టుకుని నడిచేటప్పుడు అది దేవుడిచ్చిన వరం. బండిలో కథ వేరు. కెమెరాలోని గైరో భూమితో పోల్చి తన కదలికని కొలుస్తుంది. బండి గతుకు ఎక్కితే కెమెరా కూడా ఎగురుతుంది. అప్పుడది బయటి చెట్లని కదలకుండా నిలబెట్టాలని చూస్తుంది. దాంతో కెమెరాతో పాటే కదులుతున్న స్టీరింగ్, పైపులు, డ్రైవర్ చేతులు ఫ్రేములో పిచ్చిగా ఊగుతాయి. బండి భాగం ఫ్రేములో కనిపించే షాట్ అయితే స్టెబిలైజేషన్ ఆపేయండి. బండి కనిపించకుండా ట్రాక్ మాత్రమే చూపించే షాట్ అయితే ఉంచండి. ఈ ఒక్క సెట్టింగు తెలియక మంచి కెమెరాని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మన ఎండలో ఇంకో సమస్య. వెలుతురు ఎక్కువై కెమెరా షట్టర్‌ని సెకనులో రెండు వేలో వంతుకి తీసుకెళుతుంది. చక్రం తిరుగుతున్నట్టే ఉండదు, ఫొటోలు అతికించినట్టుంటుంది. ప్రతి చిన్న వణుకూ స్పష్టంగా కనబడుతుంది. లెన్సుకి కళ్లజోడు లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. ఎన్‌డీ 16 అంటే వెలుతురు పదహారో వంతే లోపలికి వెళుతుంది. షట్టర్ నూట ఇరవయ్యో వంతు దగ్గరికి దిగి, గడ్డీ మట్టీ సాగినట్టు కనిపించి వేగం తెలుస్తుంది. ఏడొందలు పెట్టాం దీనికి. చెట్ల నీడలోకి వెళ్లే దారైతే ఎన్‌డీ 8 చాలు.

ప్రాక్టీసు మా బాబాయి తోటలో. కోతలు అయిపోయాక జూన్‌లో చెట్ల పక్క డొంక ఖాళీగా ఉంటుంది. ఎర్రమట్టి. ఒక్క రౌండుకే లెన్సు మీద కుంకుమ చల్లినట్టవుతుంది. చొక్కా అంచుతో తుడవకండి, మట్టిలోని ఇసుక లెన్సుని గీస్తుంది. ముందు నీళ్లు పోసి కడిగి, తర్వాత గుడ్డ. వేడి ఇంకో తలనొప్పి. చాలా యాక్షన్ కెమెరాలు 35 నుంచి 45 డిగ్రీల లోపు పనిచేస్తాయని కంపెనీలే రాస్తాయి. మన రోహిణి కార్తె సంగతి వాళ్లకేం తెలుసు! బండి కదులుతుంటే గాలి తగిలి ఫర్వాలేదు, ఆగి ఉన్నప్పుడే ఆఫ్ అయిపోతుంది. అందుకని స్టార్ట్ చేసే ముందు దాకా తడిగుడ్డ కప్పి నీడలో ఉంచేవాళ్లం. మా కెమెరా బ్యాటరీ తీసేసినా యూఎస్‌బీ పవర్ మీద నడుస్తుంది. పాత పవర్ బ్యాంక్‌ని సీటు వెనక డబ్బాలో కట్టి వైరు లాగాం. లోపల బ్యాటరీ లేకపోతే వేడీ కొంత తగ్గింది. వైరు పోర్టు దగ్గర లాగకుండా ట్యాగుతో ఫ్రేముకి కట్టడం మరచిపోవద్దు.

కార్డు లెక్క చిన్నదే గానీ చాలామంది వేయరు. సెకనుకి 60 మెగాబిట్లు అంటే 7.5 మెగాబైట్లు. గంటకి 27 జీబీ. నాలుగు గంటల రేసుకి 108 జీబీ. అంటే 128 జీబీ కార్డు సరిపోతుంది, 64 సరిపోదు. కార్డు మీద ‘వి30’ గుర్తు చూడండి, సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుందని దాని అర్థం. పదకొండొందలకి వచ్చింది. రెండొందలకి 512 జీబీ అమ్మేవాడు కార్డు అమ్మట్లేదు, కన్నీళ్లు అమ్ముతున్నాడు.

ఇక పక్కన పెట్టిన ఫోన్. సౌండ్‌కి అది బంగారం. కెమెరా మైకులో వినిపించేది గాలి హోరే. ఐదొందల కాలర్ మైకుకి స్పాంజి చుట్టి, గాలి తగలని చోట సీటు వెనక పెట్టి, ఫోన్‌ని మెత్తటి సంచిలో చుట్టి రికార్డింగ్ ఆన్ చేశాం. బయల్దేరే ముందు కెమెరా ఎదుట ఒక చప్పట్లు. ఎడిటింగ్‌లో ఆ చప్పుడుకి రెండూ కలుపుకోవచ్చు. అదే ఫోన్‌లో రేస్‌క్రోనో లాంటి యాప్ పెడితే జీపీఎస్‌తో ల్యాప్ టైములు కూడా వస్తాయి.

మొదట డ్రైవర్ భుజం వెనక నుంచి తీశాం. చేతులు, స్టీరింగ్, దారి మూడూ కనిపించే యాంగిల్. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అందులోనే ఓ విచిత్రం కనబడింది. తిన్నగా ఉన్న డొంక మీద కూడా డ్రైవర్ స్టీరింగ్‌ని కుడివైపు కొద్దిగా పట్టి ఉంచుతున్నాడు. బండి ఎడమకి లాగుతోందని వాడు వారం నుంచీ చెబుతూనే ఉన్నాడు. టైరులో గాలి తేడా అని అందరూ కొట్టిపారేస్తున్నారు.

మర్నాడు క్లాంపుని కింది పైపుకి మార్చి, కెమెరాని ఎడమ ముందు చక్రం వైపు తిప్పాం. సెకనుకి 120 ఫ్రేములు. మామూలు వేగం మీద చూస్తే నాలుగు రెట్లు నిదానం. నీటి కాలువ గట్టు ఎక్కించాం. రాత్రి మా ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే ఆరుగురూ నోరు మూసుకున్నారు. గట్టు తగిలిన ప్రతిసారీ చక్రం ముందువైపు బయటికి విచ్చుకుంటోంది. టై రాడ్ చివర బోల్టు దాని రంధ్రంలో అటూ ఇటూ కదులుతోంది. విప్పి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. ఆ బోల్టు నాలుగు గంటల రేసు మధ్యలో తెగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. డ్రైవర్ కుర్రాడు మాత్రం ‘‘నేను చెప్పానా?’’ అని ఒకటికి నాలుగుసార్లు అన్నాడు.

లెక్క చూశాం. కెమెరా తొమ్మిది వేలు, కార్డు పదకొండొందలు, ఫిల్టర్ ఏడొందలు, మైకు ఐదొందలు, క్లాంపు నాలుగొందల యాభై, తోటలో షూటింగుకి ఒక అదనపు బ్యాటరీ పన్నెండొందల యాభై. పదిహేను వేలలో రెండు వేలు మిగిలాయి. రెండో కెమెరా కోసం దాచుదామన్నాడు ఒకడు. మా వాడు ఆ డబ్బు తీసుకుని మర్నాడు పొద్దున్నే లేత్ షాపుకి పోయాడు. రెండు వైపులా కొత్త టై రాడ్ చివరలు, మందం పెంచిన బ్రాకెట్లు చేయించాడు. క్లాంపుని మాత్రం ఆ కింది పైపు మీది నుంచి ఇప్పటికీ తీయనివ్వడం లేదు.